వందన సమర్పణ నెవిల్ వంతు

బ్రాక్‌షా,
బుధవారం

అక్కా,

ఇక్కడ అమ్మ బాగుంది, నేనూ బాగున్నాను. నీ మరిది నెవిల్ పొద్దున్నే తోటకి వెళ్ళాడు. తవ్వుతున్నాడంటే ఒంట్లో బాగానే ఉందనుకోవాలి. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ, ఈ నెల పుట్టిన గొర్రెపిల్లలూ అంతా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను.

అమ్మకి దగ్గు తగ్గింది. తను ఉండే వృద్ధుల ఫ్లాట్ల కింద హాల్లో డామినోల ఆట మళ్ళీ మొదలైంది. అమ్మ మళ్ళీ గెలుస్తోంది. దొంగాట ఆడుతోందని ఎదురు ఫ్లాటు ముసలాయన వార్డెన్‌కి ఫిర్యాదు చేశాడు. వార్డెన్ నన్ను పిలిచి అడిగింది. ఆడుతోంది దొంగాటేనని చెప్పాను. చిన్నప్పటి నుంచి మనం ఓడిపోయింది ఎలాగో నీకు మాత్రం తెలీదా.

పాత మిల్లు పొగగొట్టం కూల్చేశారు. ఊరంతా కుర్చీలు తెచ్చుకుని మరీ చూశారు. అది పడిపోయాక అందరూ చిప్స్ బండి దగ్గర వరస కట్టారు. మన పాత వంటింటి కిటికీలోంచి చూస్తే ఇప్పుడు కొండ కనిపిస్తుందట. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళే చెప్పారు.

పార్కిన్ కేకుకి ఓట్లు, పిండి సమానంగా వెయ్యి. అల్లం ఎక్కువైనా పరవాలేదు, నల్లపాకం మాత్రం తగ్గించకు. చేసిన రోజే కోయకు. డబ్బాలో పెట్టి వారం ఆగాలి. నీది గట్టిగా రావడానికి కారణం ఓవెన్ కాదు, నీ తొందర.

ఇక మొన్న ఆదివారం నెవిల్ ఫోన్ ఎందుకు ఎత్తలేదా అని నువ్వు అనుకుంటూ ఉంటావు. ఆ జవాబు రెండు ముక్కల్లో రాదు. మిగతా ఉత్తరమంతా దానికే. అది మన కోలిన్ సంగతి. తమ్ముడు ఎలా చనిపోయాడన్న దాని మీద నేను పత్రికకి ఒక వార్త రాయాల్సి వచ్చింది. రాయాలా మానాలా అన్నదే వారం రోజులుగా ఈ ఇంట్లో గొడవ. చివర్లో నిన్నొకటి అడుగుతాను. ఫోన్లోనే అడగొచ్చు. కానీ ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను ఊరుకోబెడతాను, అసలు సంగతి పక్కకి పోతుంది.

నువ్వు న్యూజిలాండ్ వెళ్ళిపోయాక ఊళ్ళో మొదలైన సైనిక చరిత్ర బృందం గురించి ఇదివరకు రాశాను. నెలకోసారి, బుధవారం, మాజీ సైనికుల క్లబ్బు మేడ మీద గదిలో కలుస్తాం. బయటినుంచి ఒక అతిథి వచ్చి మాట్లాడతారు. తర్వాత ప్రశ్నలు, టీ, లాటరీ. బహుమతి ఎప్పుడూ ఒక బిస్కెట్ల డబ్బా, ఒక విస్కీ సీసా. విస్కీ వచ్చినవాడు బిస్కెట్లు వచ్చినవాడి వంక చూడడు. బెర్నార్డ్ క్లెగ్ అధ్యక్షుడు. హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు, నీకు గుర్తుండే ఉంటాడు, అప్పట్లో జుట్టుండేది. నేను ఉద్యోగం మానేసినా ప్రతి నెలా ఆ సమావేశం మీద నాలుగు వాక్యాలు మన వారపత్రికకి రాసి పంపుతాను. ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, వందన సమర్పణ ఎవరు చేశారు. అంతే.

వందన సమర్పణ సభ్యులు వంతులవారీగా చేస్తారు. దానికి బెర్నార్డ్ పెట్టిన నియమం ఒకటుంది. ధన్యవాదాలు చెప్పేవాడు ఆ రోజు దాకా తనకి తెలియని సంగతి ఒక్కటైనా పేరుపెట్టి చెప్పాలి. ‘చాలా బాగా మాట్లాడారు’ అని కూర్చుంటే ఒప్పుకోడు. వెనక వరసలో కునుకు తీసేవాళ్ళు దొరికిపోవాలని పెట్టాడు. ఒకసారి, సమావేశాల్లో టీ చూసుకునే డోరీన్ వాళ్ళాయన దొరికాడు కూడా. వాటర్లూ మీద ప్రసంగం అయ్యాక లేచి, నెపోలియన్ ఓడిపోయాడని నాకు ఇవాళే తెలిసింది అన్నాడు.

ఈ నెల వంతు నెవిల్‌ది.

రావాల్సిన ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రాల డాక్టర్ల గురించి చెప్పాల్సింది. నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. బెర్నార్డ్ మాకు ఫోన్ చేశాడు. గొంతులో సంబరం దాచుకోలేకపోతున్నాడు.

“హేజెల్, గుర్రాలు పోతే పోయాయి. ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి దొరికాడు. డెస్మండ్ పైక్ అని, అప్పట్లో రేడియో చూసేవాడట. చెప్పుకో చూద్దాం, ఏ బెటాలియనో!”

“నువ్వే చెప్పు.”

“మీ ఆయనదే! వందన సమర్పణా మీ ఆయనదే. ఇంతకంటే ఏం కావాలి?”

బెర్నార్డ్‌ని తప్పుపట్టను. ఏ సభ్యుడైనా అదే చేసేవాడు. ప్రసంగానికీ ధన్యవాదాలకీ ఇంత చక్కగా జత కుదిరితే మా వాళ్ళకి అది పండగ. నెవిల్‌కి చెప్పాను. బూట్లు తుడుస్తున్నాడు. తుడిచిన బూటునే మళ్ళీ తుడిచి, మోకాలు బాగాలేదు, వంతు ఇంకెవరికైనా ఇమ్మను అన్నాడు. బెర్నార్డ్ ఒప్పుకోలేదు. “యుద్ధం చేసొచ్చినవాడివి, రెండు ముక్కలు మాట్లాడ్డానికి మోకాలు అడ్డమా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. సిగ్గనుకున్నాను. ఇన్నేళ్ళలో నెవిల్ యుద్ధం గురించి సభలో నోరు విప్పింది లేదు.

మేడ గది గోడకి ఉన్న ఫ్రేముల సంగతీ నీకు రాశాను. వాటిలో ఒకటి నేను రాసింది. పందొమ్మిది వందల ఎనభై రెండు, మొదటి పేజీ, నా పేరుతో మొదటి పేజీలో వచ్చిన మొట్టమొదటి వార్త. ‘బ్రాక్‌షా కుర్రాడు శత్రు స్నైపర్ తూటాకి బలి.’ కోలిన్ టోపీ పెట్టుకున్న ఫొటో. కోలిన్ సామాను మన ఇంటికి తెచ్చిచ్చిన సైనికుడు చెప్పగా రాశాను. ఆ సైనికుడినే తర్వాత పెళ్ళి చేసుకున్నాను. ఈ రెండు సంగతులూ ఊళ్ళో అందరికీ తెలుసు. బృందంలో కొత్తగా చేరినవాళ్ళకి బెర్నార్డే చెప్తాడు, ఒకదాని తర్వాత ఒకటి, మా ఇద్దరి ముందే.

డెస్మండ్ పైక్ చిన్నపాటి మనిషి. టై కట్టుకుని, చెవికి మిషను పెట్టుకుని వచ్చాడు. కాగితాలు చూడకుండా మాట్లాడాడు. నేను అలవాటు ప్రకారం ముందు వరసలో కూర్చుని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటున్నాను. నెవిల్ నా పక్కనే. ఆఖరి దాడికి ముందు రాత్రి గురించి పైక్ ఇలా చెప్పాడు. నా రాతలోంచి ఎత్తి రాస్తున్నాను.

“నేను హెడ్‌క్వార్టర్స్ గుడారంలో రేడియో దగ్గర ఉన్నాను. దువ్వెన గుట్ట దగ్గర మనవి రెండు గస్తీ దళాలు తిరుగుతున్నాయి. దువ్వెన పళ్ళలా రాళ్ళు నిలబడి ఉంటాయి కాబట్టి ఆ పేరు మేం పెట్టుకున్నాం. మొదటి దళం రేడియోలోకి వచ్చింది. ఎదురుగా శత్రువు, కాల్పులు జరుపుతున్నాం అంది. ఎక్కడో చెప్పింది. నేను మ్యాపు మీద గుర్తు పెట్టాను. వెంటనే రెండో దళం వచ్చింది. మా మీద శత్రువు కాల్పులు జరుపుతున్నాడు అంది. ఎక్కడ్నుంచో చెప్పింది. దానికీ గుర్తు పెట్టాను. మొదటివాళ్ళు శత్రువన్న చోట రెండోవాళ్ళున్నారు. రెండోవాళ్ళు శత్రువన్న చోట మొదటివాళ్ళున్నారు. ఆపండి, ఆపండి అని అరిచాను. అప్పటికే ఒక కుర్రాడు పోయాడు.”

పొగమంచు దట్టంగా ఉందట, అందుకే పొరబడ్డారట. చనిపోయిన కుర్రాడి పేరు చెప్పలేదు. వాళ్ళవాళ్ళు ఎక్కడున్నారో, వాళ్ళకేం చెప్పారో తెలీదు, అందుకని చెప్పను అన్నాడు. ఎదురుగా కూర్చున్నది ఎవరో అతనికి తెలీదు. మా బృందంలో అతిథికి సభ్యుల గురించి ముందే చెప్పే అలవాటు లేదు.

కోలిన్ పోయింది దువ్వెన గుట్ట మీద. ఆ పేరు నేను నెవిల్ నోటే విన్నాను, ఆ మొదటి పేజీలోనూ రాశాను. నేను చెయ్యెత్తాను.

“ఆ రాత్రి ఆ గుట్ట మీద ఎంతమంది పోయారు?”

“ఒక్కరే మేడమ్.”

“ముందు పేల్చింది ఏ దళం?”

“కార్పొరల్ బ్రాడీ దళం. బ్రాడీ ఈ మధ్యే పోయాడు. పోయే ముందు నన్ను పిలిపించుకుని, నా పేరుతోనే చెప్పు అన్నాడు. అందుకే చెప్తున్నాను.”

బ్రాడీ మా పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు. నీతో డాన్స్ చేశాడు, నీ కాలు తొక్కాడు. నెవిల్ అతని దళంలోనే ఉండేవాడని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను నెవిల్ వంక చూడలేదు. బెర్నార్డ్‌ని చూశాను. గోడ మీది ఫ్రేము వంక చూసి చూపు తిప్పుకున్నాడు. ఏం చేయాలో తోచక, ఎప్పుడూ చేసేదే చేశాడు. “వందన సమర్పణ, నెవిల్ ఎంట్విజిల్” అన్నాడు.

నెవిల్ లేచాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు. నియమం ప్రకారం ఇవాళే తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. భార్య తమ్ముణ్ణి సొంత మనుషులే కాల్చారన్నది ఇప్పుడే విన్న మనిషైతే, చెప్పడానికి ఇంకో సంగతి ఉండదు. నేను ఎదురుచూశాను. అక్కా, ఆ కాసేపూ నేను దేవుణ్ణి నమ్మే మనిషిలా ఎదురుచూశాను.

“చలికి బ్యాటరీలు చచ్చిపోకుండా రేడియోవాళ్ళు వాటిని పక్కలో పెట్టుకుని పడుకునేవారని నాకు తెలీదు. ఇవాళే తెలిసింది. ధన్యవాదాలు.”

అందరూ చప్పట్లు కొట్టారు. మా వాళ్ళు దేనికైనా కొడతారు.

డోరీన్ వంటగదిలోంచి టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. “చక్కెర రెండు చెంచాలు వేశాను. తాగు తల్లీ. ఇప్పుడేం మాట్లాడకు” అంది. తాగాను. లాటరీలో బిస్కెట్ల డబ్బా మాకే వచ్చింది. ఇంటికి కారు నేనే నడిపాను.

మర్నాడు పొద్దున తోటకి వెళ్ళాను. లీక్స్ మడి పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. ఉద్యోగంలో ఎవరినైనా ఎలా అడిగేదాన్నో అలాగే అడిగాను. ఇంకోలా అడగడం నాకు రాదు.

“నువ్వు పేల్చావా?”

“పేల్చాను.”

“తగిలింది నీదా?”

“తెలీదు. అందరం పేల్చాం. ఎవడిదో ఎవడికీ తెలీదు. నాదే అనుకుని బతికాను.”

“నాకెప్పుడు చెప్దామనుకున్నావు?”

“ప్రతి నవంబర్‌లోనూ. యుద్ధంలో పోయినవాళ్ళ సంస్మరణ నాడు స్మారకం దగ్గర మీ అమ్మగారు పూలచక్రం పెట్టి వెనక్కి తిరిగినప్పుడల్లా. ఇంటికెళ్ళాక చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చాక నువ్వు ఆ రోజు కార్యక్రమం మీద వార్త రాస్తూ ఉండేదానివి.”

“నిన్న ఎందుకొచ్చావు? జ్వరమని పడుకోవాల్సింది.”

“పైక్‌తో బ్రాడీ మాట్లాడాడని తెలుసు. ఎలాగూ చెప్తాడనుకున్నాను. నేను రాకపోతే నువ్వొక్కదానివే కూర్చుని వింటావు.”

ఇది విన్నాక కోపం తగ్గాలి కదా. తగ్గలేదు.

“బ్యాటరీలా నెవిల్? బ్యాటరీలా?”

“తెలియంది చెప్పమన్నారు. అక్కడ నాకు తెలియంది అదొక్కటే.”

“నన్ను పెళ్ళి చేసుకుంది పాపం కడుక్కోవడానికా?”

“మొదటిసారి మీ ఇంటికొచ్చింది దానికే. రెండోసారి వచ్చింది నీకోసం.”

నమ్మాలో లేదో తేల్చుకోలేదు. ఇంకా తేల్చుకోలేదు. స్నైపర్ అని ఎవరు చెప్పమన్నారని అడిగాను. అంతసేపూ ఆలోచించి ఆలోచించి జవాబు చెప్పిన మనిషి దీనికి మాత్రం వెంటనే చెప్పాడు. “ఎవరూ చెప్పమనలేదు. నా నోటికే వచ్చింది. నాదే.”

అమ్మ దగ్గరికి శుక్రవారం వెళ్ళాను. చెప్పాలా వద్దా అని గుమ్మం దాకా తర్కించుకుంటూనే వెళ్ళాను. ఈ వయసులో తట్టుకోగలదా అని నా భయం. అమ్మ తలుపు తీసి నా మొహం చూసింది.

“డోరీన్ ఫోన్ చేసింది. కూర్చో. ఏడ్చావా?”

“లేదు.”

“నువ్వెందుకు ఏడుస్తావు, పేపర్ దానివి. టీ పెట్టనా?”

“అమ్మా, నీకు తెలుసా?”

“నీకంటే ముందు నెవిల్‌ని చూసింది నేను. తలుపు తీసింది నేనే కదా.”

తర్వాత చెప్పింది. నెవిల్ సంచితో గుమ్మంలో నిలబడగానే, ఇతని కడుపులో ఏదో ఉందని అమ్మకి అర్థమైందట. ఎడిటర్ నన్ను తమ్ముడి మీద రాయమన్నాడు, నా చేతిలో నోటుబుక్కు ఉంది. పాలు అయిపోయాయి, కొట్టుకెళ్ళి తెమ్మని నన్ను పంపింది.

“పాలున్నాయి, నిండు సీసా ఉంది” అంది. “నువ్వు వీధి మలుపు తిరిగేలోపే ఆ కుర్రాడు మోకాళ్ళ మీద కూలబడి మొత్తం చెప్పేశాడు.”

“నేను తిరిగొచ్చాక నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే రాసేదానివి.”

“రాయొద్దంటే రాయకపోదును.”

“ఎవరితో చెప్తున్నావే? అప్పుడు నువ్వు నిద్రలో కూడా రాసుకునేదానివి. పేపర్లో వస్తే ఊళ్ళో నా కొడుకెవడు? మనవాళ్ళే కాల్చుకున్న కుర్రాడు. స్మారకం మీద వాడి పేరు అందరి పేర్లతో పాటు ఉండాలి. నేను దాని ముందు నిలబడితే వెనక గుసగుసలు ఉండకూడదు. అంతే. ఇప్పుడూ అదే చెప్తున్నాను. నేను పోయాక రాసుకో.”

“మరి అతనితో నా పెళ్ళి ఎలా జరగనిచ్చావు?”

“వద్దనాలంటే కారణం చెప్పాలిగా” అంది అమ్మ. కప్పులోకి చూస్తూ, “పైగా మంచివాడు. నిజం చెప్పడానికి వచ్చాడు. మనమే చెప్పనివ్వలేదు” అంది.

‘మనమే’ అంది. అప్పుడు అక్క ఎక్కడుందని అడిగాను. ఆ గదిలోనే ఉంది అంది. ఇంట్లో అందరికీ తెలుసా అంటే, “నీకొక్కదానికే చెప్పలేదు” అంది. ఉప్పు అందించమన్నట్టుగా అంది.

స్నైపర్ మాట ఎవరిదని అడిగాను. అమ్మ కూడా వెంటనే చెప్పింది. “నాదే. కావాలంటే అదీ రాసుకో.”

శని, ఆదివారాలు వార్త పట్టుకుని కూర్చున్నాను. మామూలుగా నాలుగు వాక్యాలు, ఇది ఎనిమిదైంది. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇద్దరం అక్కడే ఉన్నాం. మోగింది, ఆగిపోయింది. నెవిల్ కదల్లేదు. నేనూ కదల్లేదు.

రాయకుండా ఉండొచ్చు. అతిథి పేరు చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పనక్కర్లేదు. అలా ఒక రకంగా కూడా రాసి చూశాను. ‘రేడియో విభాగంలోని అనుభవాలను ఆసక్తికరంగా వివరించారు.’ అది చదివి చించేశాను. ఒకసారి నా చేత అబద్ధం రాయించారు, అది నాకు తెలీదు. రెండోసారి తెలిసి రాస్తే ఇక నాకూ వాళ్ళకీ తేడా ఏముంది.

వార్తలో పేరు వచ్చే ప్రతి మనిషికీ అచ్చుకి ముందు ఆ వాక్యం చదివి వినిపించడం నా పద్ధతి. సోమవారం భోజనాలయ్యాక నెవిల్‌కి చదివాను. ‘ఆఖరి దాడికి ముందు రాత్రి దువ్వెన గుట్ట మీద పొగమంచులో ఒకరినొకరు శత్రువుగా పొరబడిన రెండు దళాల మధ్య జరిగిన కాల్పుల్లో బ్రాక్‌షాకి చెందిన కోలిన్ హావర్త్ మరణించారు. కాల్పులు మొదలుపెట్టిన దళంలో ఈ బృంద సభ్యుడు నెవిల్ ఎంట్విజిల్ ఉన్నారు. శత్రు స్నైపర్ చంపాడని అప్పట్లో ఈ పత్రిక ప్రచురించింది తప్పు.’

కళ్ళు మూసుకుని విన్నాడు. తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను.

“ఒకటుంది” అన్నాడు. “పొగమంచు లేదు.”

“పైక్ ఉందన్నాడు.”

“పైక్ గుడారంలో ఉన్నాడు. బ్రాడీ అలా చెప్పి ఉంటాడు, అందరం అలాగే చెప్పుకున్నాం. మంచు లేదు హేజెల్. చుక్కలు కనిపిస్తున్నాయి. ఎవరని కేకేసి అడగాలి, అది నియమం. బ్రాడీ అడగలేదు. నా భుజం మీద కొట్టాడు, పేల్చాను. అడగాలని నాకూ తెలుసు.”

ఈ మాట అతణ్ణి ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పొగమంచు కొట్టేశాను. ‘నియమం ప్రకారం ఎవరని అడగకుండానే కాల్పులు మొదలయ్యాయని ఎంట్విజిల్ తెలిపారు’ అని చేర్చాను. మళ్ళీ చదివి వినిపించాను. “ఇప్పుడు సరిగ్గా ఉంది. స్నైపర్ మాట నేను చెప్పానని కూడా రాయి” అన్నాడు.

మంగళవారం పొద్దున అమ్మకి చదివాను. రాయొద్దని మళ్ళీ అంటుందనుకున్నాను. అనలేదు. డామినో ముక్క ఒకటి వేళ్ళ మధ్య తిప్పింది. “ఎలాగూ పంపుతావు. నవంబర్‌లో మాత్రం నువ్వే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, నీ రాతకి నువ్వే కాపలా” అంది. తర్వాత, “స్నైపర్ మాట నాదని రాయి. నా పేరు పెట్టు” అంది.

ఇద్దరి పేరూ పెట్టలేదు. ‘అప్పట్లో పత్రికకు అందిన సమాచారం తప్పు’ అని మాత్రం రాసి, మధ్యాహ్నంలోపు పంపేశాను. రేపు అచ్చులో వస్తుంది. ఇది నీకు మొదట్లోనే చెప్పాల్సింది, చెప్పలేదు. నువ్వు ఈ ఉత్తరం చదివేసరికి ఊరంతా చదివేసి ఉంటుంది, వద్దనడానికి నీకు వ్యవధి ఉండదు. కావాలనే అలా చేశాను. నన్ను అడగకుండా మీరందరూ ఒకటి నిర్ణయించారు, మిమ్మల్ని అడగకుండా నేనొకటి నిర్ణయించాను.

బెర్నార్డ్ నిన్న ఇంటికి వచ్చి గోడ మీది ఫ్రేము తీసెయ్యమంటావా అని అడిగాడు. వద్దన్నాను. కొత్తది వచ్చాక పక్కన పెట్టమన్నాను. నెవిల్ ఇక బృందానికి రానంటున్నాడు. వెనక గదిలో పడుకుంటున్నాడు. వెళ్ళిపొమ్మని నేను అనలేదు, ఉండమనీ అనలేదు.

ఇప్పుడు నీ సంగతి.

చేసిన తప్పు నాది కాదన్న మనుషుల్ని ఉద్యోగంలో రోజూ చూశాను. ఒకే తప్పుని ఇద్దరు నాదంటే నాదని పోటీపడటం మాత్రం అరుదు. చూసినప్పుడల్లా తేలింది ఒకటే, అది ఆ ఇద్దరిదీ కాదు. వాళ్ళు మూడో మనిషిని దాస్తున్నారు. ఆ గదిలో అమ్మ, నెవిల్ కాక ఉన్నది నువ్వు.

నాకు గుర్తున్నంతవరకు రాస్తాను, తప్పైతే దిద్దు. నేను పాలసీసాతో వచ్చేసరికి అమ్మా, నెవిల్ ముందు గదిలో కూర్చున్నారు, తలలెత్తలేదు. నువ్వు గుమ్మంలోకి ఎదురొచ్చి నా చేతిలో సీసా అందుకున్నావు. నేను లోపలికి అడుగుపెట్టకముందే, కూర్చోకముందే, స్నైపర్ అన్న మాట విన్నాను. నిలబడే రాసుకున్నాను. గొంతు ఎవరిదో నాకు గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవాలని వారం రోజులుగా చూస్తున్నాను.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండా, మా పెళ్ళి కాగానే నువ్వు ఓడెక్కావు. బావ ఉద్యోగం కోసమనే అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క నవంబర్‌కీ రాలేదు. ప్రయాణానికి ఖర్చనుకున్నాను.

ఇది పత్రికకి కాదు. పత్రికకి పంపాల్సింది పంపేశాను, నీ పేరు అందులో లేదు, ఇక రాదు కూడా. నెవిల్‌ని క్షమిస్తానో లేదో తెలీదు. అమ్మని క్షమించడానికి ఎక్కువ సమయం లేదు కాబట్టి క్షమించేస్తాను. నీ విషయంలో ఏం చేయాలో నిజం తెలిస్తే తప్ప తేల్చుకోలేను. వాళ్ళిద్దరూ నిన్ను దాచారు. నువ్వు నీ అంతట నువ్వు బయటికి వస్తే బాగుండునని నా కోరిక.

ఫోన్ చేయకు. రాయి. పిల్లల్ని అడిగానని చెప్పు, బావకి నా నమస్కారాలు.

ఇట్లు,
ఆ రోజు పాలకి వెళ్ళిన నీ చెల్లెలు,
హేజెల్